వేసవి గాలివానలు, వడగళ్ళ ముందస్తు అంచనా – కొల్లేరు పరిసర ప్రాంతంలో విస్తరణ సేవలకు అన్వయం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లపు భూమిలో కొల్లేరు సరస్సు ఉంది. దానికి ఉత్తరాన ఏలూరు, వట్లూరు, దెందులూరు, తాడేపల్లిగూడెం వరకు వరి మాగాణి, ఆపైన పెదవేగి, చింతలపూడి, నూజివీడు మెట్ట భూములు విస్తరించి ఉన్నాయి. మాగాణిలో దాళ్వా వరి, సరస్సు చుట్టూ చేపల చెరువులు, మెట్టలో మొక్కజొన్న, మామిడి, నిమ్మ, అరటి, ఆయిల్‌పామ్, కోకో ఇక్కడి రైతుల జీవనాధారాలు. వీటిలో చాలా పంటలు చేతికి వచ్చే మార్చి నుండి మే వరకు గల కాలమే ఉరుములు, ఈదురుగాలులు, అప్పుడప్పుడు వడగళ్ళతో కూడిన వానలకు కూడా కాలం. తుపానును కొన్ని రోజుల ముందుగానే గుర్తించి, దాని మార్గాన్ని అంచనా వేయవచ్చు. వేసవి గాలివాన అటువంటిది కాదు. మధ్యాహ్నం రెండు గంటలకు లేని మేఘం సాయంత్రం నాలుగు గంటలకు ఒక మండలాన్ని అతలాకుతలం చేసి, పక్క మండలంపై చినుకు కూడా రాల్చకుండా పోవచ్చు.

2023 ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారాల్లో కురిసిన అకాల వర్షాలకు గోదావరి జిల్లాల్లో కల్లాల్లో ఆరబోసిన దాళ్వా ధాన్యం తడిసిపోయింది. అదే ఏడాది మార్చి 16న తెలంగాణలోని వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో వడగళ్ళు నేలను తెల్లగా కప్పివేశాయి. ఇటువంటి నష్టాన్ని పూర్తిగా ఆపలేకపోయినా, హెచ్చరిక సకాలంలో, అర్థమయ్యే రూపంలో చేరితే కొంత తగ్గించవచ్చు. ఈ మేఘాలు ఏర్పడే విధానం, వాటిని ముందుగా పసిగట్టే సాధనాలు, ఆ అంచనాలకు గల పరిమితులు, వాటిని రైతు నిర్ణయంగా మార్చవలసిన తీరు ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఉరుముల మేఘానికి కావలసిన పరిస్థితులు

క్యుములోనింబస్ మేఘం ఏర్పడడానికి మూడు పరిస్థితులు కలిసిరావాలి. అవి భూమికి దగ్గరగా తగినంత తేమ, ఎత్తుకు పోయే కొద్దీ గాలి వేగంగా చల్లబడే అస్థిర వాతావరణం, గాలిని మొదట పైకి నెట్టే ప్రేరణ. మేఘం బలంగా పెరిగి ఎక్కువసేపు నిలవాలంటే నాలుగవది కూడా కావాలి. అది ఎత్తుతో పాటు గాలి వేగదిశలు మారడం.

పొడి గాలి పైకి లేచేటప్పుడు కిలోమీటరుకు సుమారు 9.8 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది. అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలైన తరువాత గుప్తోష్ణం విడుదల కావడం వలన చల్లబడే వేగం తగ్గుతుంది. చుట్టూ ఉన్న గాలి కంటే లేచిన గాలి వెచ్చగా ఉన్నంతసేపు అది తేలికగా ఉండి, దానంతట అదే పైకి పోతుంది. ఈ విధంగా లభించే శక్తిని శాస్త్రజ్ఞులు ‘కేప్’ అనే సూచికతో, కిలోగ్రాముకు ఇన్ని జౌళ్ళు అని కొలుస్తారు. కేప్ 2,000 జౌళ్ళు ఉంటే ఊర్ధ్వ ప్రవాహం సిద్ధాంతరీత్యా సెకనుకు 63 మీటర్ల వేగాన్ని అందుకోగలదు. మేఘంలోని నీటి బరువు, పక్కనుండి చొరబడే పొడి గాలి వలన వాస్తవ వేగం సాధారణంగా ఇందులో సగానికి మించదు.

అయితే కేప్ ఎక్కువగా ఉన్న ప్రతి రోజూ వాన పడదు. దక్కన్ పీఠభూమిపై వేడెక్కిన పొడి గాలి పడమటి నుండి వచ్చి, సముద్రం నుండి వచ్చిన తేమ గాలిపై ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తున మూతవలె పరుచుకుంటుంది. ఆ మూతను ఛేదించే ప్రేరణ లేకపోతే ఎండ ఎంత కాసినా, ఉక్కపోత ఎంత పెరిగినా మేఘం నిలువుగా ఎదగదు. ఛేదించే ప్రేరణ దొరికినప్పుడు మాత్రం అంతవరకు అణగి ఉన్న శక్తి గంట వ్యవధిలో వెలువడుతుంది. ‘ఉక్కపోత పెరిగితే వాన వస్తుంది’ అన్న రైతు పరిశీలన తేమ విషయంలో సరైనదే. మూత ఉన్నదీ లేనిదీ మాత్రం నేలమీద నిలబడి తెలుసుకోలేము.

కొల్లేరు ప్రాంతపు ప్రత్యేకతలు

వేసవిలో ఈ ప్రాంతానికి తేమను అందించే ప్రధాన వనరు బంగాళాఖాతం. సముద్రంపై ఏర్పడే అధిక పీడన ప్రాంతం చుట్టూ తిరిగి ఆగ్నేయ, దక్షిణ గాలులు తీరానికి తేమను తెస్తాయి. కొల్లేరు నీరు, చెరువుల విస్తీర్ణం స్థానికంగా గాలిలో తేమను కొంత పెంచవచ్చు గాని, ఉరుముల మేఘాలను సరస్సే పుట్టిస్తుందని భావించడం సరికాదు.

ప్రేరణ రెండు విధాలుగా లభిస్తుంది. మొదటిది, వేసవిలో మధ్యభారతం నుండి తెలంగాణ, రాయలసీమల మీదుగా దక్షిణానికి తరచు ఏర్పడే ద్రోణి. వాతావరణ నివేదికలలో ‘గాలుల విచ్ఛిన్నత’ అని కనిపించేది ఇదే. దీనికి పడమట పొడి గాలులు, తూర్పున తేమ గాలులు వీస్తూ ఆ రేఖ వెంబడి కలుస్తాయి. రెండవది సముద్రపు గాలి. మధ్యాహ్నం తరువాత నరసాపురం, మొగల్తూరు తీరం నుండి లోపలికి వచ్చే చల్లని తేమ గాలి, మెట్ట వైపు నుండి వచ్చే వేడి గాలిని ఎదుర్కొన్న చోట గాలి పైకి లేస్తుంది. అందువలన వేసవి మేఘాలు చాలాసార్లు ఖమ్మం, చింతలపూడి, నూజివీడు వైపు మధ్యాహ్నం మొలకెత్తి, పై గాలులతో పాటు తూర్పు, ఆగ్నేయ దిశలుగా కదిలి, సాయంత్రానికి డెల్టాను చేరతాయి. ఈ ప్రాంత విస్తరణ శాస్త్రవేత్త ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తరువాత వాయవ్య దిశను గమనిస్తూ ఉండాలనడానికి ఇదే కారణం.

వడగళ్ళు ఏర్పడే విధానం

ఊర్ధ్వ ప్రవాహం నీటి బిందువులను సున్నా డిగ్రీల మట్టం దాటి పైకి తీసుకుపోతుంది. అక్కడ చాలా బిందువులు వెంటనే గడ్డకట్టవు. సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలో కూడా ద్రవ రూపంలోనే ఉండి, ఏదైనా మంచు రేణువు తగిలిన క్షణంలో దానికి అంటుకొని గడ్డకడతాయి. మైనస్ 10 నుండి మైనస్ 25 డిగ్రీల వరకు గల పొరలో ఈ పెరుగుదల ముమ్మరంగా ఉంటుంది. వడగల్లు బరువును మోయగలిగినంత కాలం ఊర్ధ్వ ప్రవాహం దానిని పైనే ఉంచుతుంది. మోయలేని స్థితిలో అది రాలిపడుతుంది. రెండున్నర సెంటీమీటర్ల లోపు వడగళ్ళు గంటకు సుమారు 15 నుండి 40 కి.మీ. వేగంతోను, అంతకంటే పెద్దవి 65 కి.మీ. వరకు, ఇంకా మించిన వేగంతోను నేలను తాకుతాయి. వ్యాసం రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు, తాకిడి శక్తి దాదాపు పదహారు రెట్లు పెరుగుతుంది. కనుక శనగ గింజంత వడగల్లు మామిడి పిందెపై మచ్చ చేస్తే, నిమ్మకాయంత వడగల్లు కొమ్మనే విరుస్తుంది. ప్రపంచంలో నమోదైన వాటిలో అత్యంత బరువైన వడగల్లు 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడింది. దాని బరువు 1.02 కిలోగ్రాములు.

వేసవిలో మన ప్రాంతంపై సున్నా డిగ్రీల మట్టం నాలుగున్నర నుండి ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు నుండి వెచ్చని గాలిలో పడుతూ చిన్న వడగళ్ళు దారిలోనే కరిగి పెద్ద వాన చినుకులవుతాయి. తెలంగాణ పీఠభూమి కంటే డెల్టాలో వడగళ్ళు అరుదుగా కనబడడానికి ఇదొక ముఖ్య కారణం. మార్చి, ఏప్రిల్ నెలల్లో పై పొరలు ఇంకా చల్లగా ఉండి, ఉత్తరాది నుండి పడమటి గాలుల ద్రోణి దక్షిణానికి దిగినప్పుడు వడగళ్ళ అవకాశం పెరుగుతుంది.

విధ్వంసక గాలులు

డెల్టా రైతుకు వడగళ్ళ కంటే తరచుగా ఎదురయ్యే ముప్పు గాలి. మేఘంలోని వాన, వడగళ్ళు పొడిగా ఉన్న మధ్య పొరలోనికి పడినప్పుడు కొంత నీరు ఆవిరవుతుంది, కొంత మంచు కరుగుతుంది. ఈ రెండు ప్రక్రియలూ చుట్టూ ఉన్న గాలి నుండి వేడిని గ్రహిస్తాయి. చల్లబడి బరువెక్కిన గాలి, దానికి తోడు వాన లాగే బలం కలిసి, ఒక్క ఉదుటున నేలకు దిగి నలువైపులా చిమ్ముతుంది. కరిగిపోయిన వడగళ్ళు కూడా ఈ విధంగా గాలి రూపంలో నష్టం కలిగిస్తాయి. 1970లలో ఫుజిటా అనే శాస్త్రజ్ఞుడు విమాన ప్రమాదాలను పరిశీలిస్తూ ఈ అధోప్రవాహాల స్వరూపాన్ని వెలుగులోనికి తెచ్చారు.

నేలపై ముందుకు వ్యాపించే ఈ చల్లగాలి అంచే వానకు ముందు దుమ్ము లేపుతూ వచ్చే ఈదురుగాలి. పొలంలో ఉన్నవారికి ఇది చివరి హెచ్చరిక. ఆపై మిగిలేది నిమిషాలే. గాలి కలిగించే బలం వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. గంటకు 40 కి.మీ. గాలి కంటే 80 కి.మీ. గాలి నాలుగు రెట్ల బలంతో అరటి చెట్టును, రేకుల షెడ్డును నెడుతుంది. భారత వాతావరణ శాఖ ఉరుముల గాలివానలను గాలి వేగం ఆధారంగా గంటకు 40 కి.మీ. లోపు తేలికపాటివి, 41–61 కి.మీ. మోస్తరువి, 62–87 కి.మీ. తీవ్రమైనవి, అంతకు మించినవి అతి తీవ్రమైనవి అని వర్గీకరిస్తుంది.

అంచనాలోని మూడు అంచెలు

మొదటి అంచె మూడు నుండి ఐదు రోజుల ముందు. గణిత నమూనాలు ద్రోణి స్థానాన్ని, తేమ ప్రవాహాన్ని, పై గాలులను ముందుగా సూచించగలవు. కనుక ‘ఉరుముల గాలివానలకు అనుకూలమైన రోజులు’ ఏవో చెప్పగలము. ఏ ఊరిలో పడుతుందో చెప్పలేము. 2025 మే 26న ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం 6 కి.మీ. గడులతో పనిచేస్తుంది. అయినా ఒక ఊర్ధ్వ ప్రవాహపు వెడల్పు కొన్ని కిలోమీటర్లే ఉంటుంది కనుక అంతటి సూక్ష్మ గడులలో కూడా అది యథాతథంగా కనిపించదు.

రెండవ అంచె అదే రోజు ఉదయం. మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్ కేంద్రాల నుండి ఎగురవేసే బెలూన్ పరికరాలు ఎత్తువారీగా ఉష్ణోగ్రత, తేమ, గాలులను కొలుస్తాయి. ఉదయం 5.30 గంటల కొలతలో మూత బలంగా కనిపించడం సహజం. మధ్యాహ్నపు గరిష్ఠ ఉష్ణోగ్రతను, సముద్రపు గాలి తెచ్చే తేమను ఊహించి ఆ చిత్రాన్ని సవరించినప్పుడే సాయంత్రపు కేప్ ఎంత, మూత తొలగుతుందా అన్నది తెలుస్తుంది. మధ్య పొర పొడిగా ఉంటే గాలి ముప్పు ఎక్కువ. సున్నా డిగ్రీల మట్టం తక్కువగా ఉండి, కేప్ ఎక్కువగా ఉండి, ఎత్తుతో గాలులు బలంగా మారితే వడగళ్ళ ముప్పు ఎక్కువ.

మూడవ అంచె మూడు గంటల లోపు. ఇక్కడ అంచనా దాదాపు పరిశీలనే. ఇన్సాట్ శ్రేణి ఉపగ్రహాల చిత్రాలలో మేఘ శిఖరం ఎంత వేగంగా చల్లబడుతున్నదో గమనిస్తే ఎదుగుదల తెలుస్తుంది. డాప్లర్ రాడార్ దాని స్థానాన్ని, తీవ్రతను, కదలికను చూపుతుంది. మెరుపుల సంఖ్య హఠాత్తుగా పెరగడం మేఘం బలపడుతున్నదనడానికి గుర్తు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన దామిని యాప్ మెరుపుల సమాచారాన్ని వినియోగదారుని ప్రదేశానికి అన్వయించి తెలుపుతుంది. వాతావరణ శాఖ మూడు గంటల తక్షణ సూచనలను, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరిక సందేశాలను జారీ చేస్తాయి. వీటిలో పసుపు రంగు గమనిస్తూ ఉండమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే చర్య తీసుకోమని తెలుపుతాయి.

రాడార్ చిత్రాన్ని చదవడం

ఈ ప్రాంతానికి ఆధారం మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్. అక్కడి నుండి ఏలూరు సుమారు 60 కి.మీ., తాడేపల్లిగూడెం 80 కి.మీ., చింతలపూడి 100 కి.మీ. దూరంలో ఉన్నాయి. రాడార్ కిరణం నేలకు అర డిగ్రీ కోణంలో బయలుదేరితే, భూమి వంపు కూడా కలిసి, ఏలూరు వద్ద దాదాపు 700 మీటర్ల ఎత్తున, చింతలపూడి వద్ద దాదాపు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున పోతుంది. అంటే నేలను తాకే గాలిని రాడార్ నేరుగా చూడదు. పైన కనిపించిన దానినుండి కింద జరగబోయేది అంచనా వేయవలసి ఉంటుంది.

ప్రతిఫలిత సంకేతపు బలాన్ని డీబీజెడ్ అనే ప్రమాణంలో చూపుతారు. 40 దాటితే భారీ వాన, 50–55 దాటితే వడగళ్ళు ఉండవచ్చునని భావిస్తారు. అయితే భారీ వాన కూడా ఎక్కువ విలువ చూపగలదు కనుక, విలువతో పాటు ఎత్తును చూడడం మేలు. 45 డీబీజెడ్ సంకేతం సున్నా డిగ్రీల మట్టం కంటే కనీసం 1.4 కి.మీ. పైకి చేరితే వడగళ్ళను అనుమానించవచ్చునని 1979లో వాల్డ్‌ఫోగెల్, సహచరులు ప్రతిపాదించారు. మన సున్నా మట్టం 4.8 కి.మీ. అనుకుంటే ఆ సంకేతం 6.2 కి.మీ. ఎత్తుకు చేరాలి. ఈ ప్రమాణం మేఘంలో వడగళ్ళ ఉనికిని సూచిస్తుంది. అవి నేలను చేరతాయా అన్నది కింది పొరల వేడిపై ఆధారపడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాము. మధ్యాహ్నం మూడు గంటలకు చింతలపూడి వద్ద బలమైన మేఘం గంటకు 30 కి.మీ. వేగంతో వట్లూరు వైపు కదులుతున్నదనుకుందాము. రెండింటి నడుమ దూరం సుమారు 40 కి.మీ. కనుక అది నాలుగున్నర ప్రాంతంలో చేరాలి. అయితే ఉరుముల మేఘంలోని ఒక్కొక్క కణం ఆయుష్షు అరగంట నుండి గంట మాత్రమే. చింతలపూడిలో చూసిన కణం దారిలోనే క్షీణించవచ్చు. దాని చల్లగాలి అంచు పెదవేగి వద్ద మరొక కణాన్ని లేపవచ్చు. అందువలన ప్రతి కొత్త చిత్రంతో లెక్కను సవరించుకోవాలి. మొదటి లెక్కనే చివరి మాటగా రైతుకు చెప్పరాదు.

హెచ్చరికల విశ్వసనీయత, రైతు నిర్ణయం

‘హెచ్చరిక వచ్చింది, వాన రాలేదు’ అన్న అనుభవం పునరావృతమైతే రైతులు హెచ్చరికలను పట్టించుకోవడం మానేస్తారు. విస్తరణ సేవలు ఎదుర్కొనే ప్రధాన సమస్య ఇదే. దీనిని లెక్కలతో పరిశీలించాలి. ఒక మండలానికి ఒక వేసవిలో 24 హెచ్చరికలు వచ్చి, వాటిలో 9 నిజమై, హెచ్చరిక లేకుండా మరో 3 గాలివానలు వచ్చాయని ఊహించుకుందాము. మొత్తం 12 గాలివానలలో 9 ముందే తెలిశాయి కనుక గుర్తింపు రేటు 75 శాతం. 24 హెచ్చరికలలో 15 వమ్మయ్యాయి కనుక తప్పుడు హెచ్చరికల నిష్పత్తి 62.5 శాతం. రెండు సంఖ్యలూ ఒకే వ్యవస్థవి. ఒకదానిని మెరుగుపరచబోతే సాధారణంగా రెండవది దెబ్బతింటుంది.

ఇటువంటి హెచ్చరిక పనికివస్తుందా అన్నది రైతు ఖర్చు, నష్టాల నిష్పత్తిపై ఆధారపడుతుంది. ధాన్యం రాశిని బరకాలతో కప్పడానికి 1,500 రూపాయలు ఖర్చై, తడిస్తే 20,000 రూపాయలు నష్టమయ్యే పక్షంలో, వాన అవకాశం 7.5 శాతం మించితే కప్పడమే లాభం. పై ఉదాహరణలో హెచ్చరిక నిజమయ్యే అవకాశం 37.5 శాతం. కనుక ఐదింట మూడు సార్లు వమ్మయ్యే హెచ్చరికను కూడా ఈ రైతు పాటించాలి. అదే రైతు పూర్తిగా పండని చేను ముందుగా కోయించాలనుకుంటే, తేమ కోత, అదనపు యంత్రపు అద్దె కలిపి 8,000 రూపాయలు నష్టపోతాడనుకుందాము. అప్పుడు అవకాశం 40 శాతం దాటాలి. ఇంతే విశ్వసనీయత గల ముందురోజు సూచన ఆ నిర్ణయానికి చాలదు. ఒకే సూచన ఒక పనికి తగినది, మరొక పనికి తగనిది కావచ్చు. విస్తరణ శాస్త్రవేత్త ‘వాన వస్తుంది’ అని చెప్పడంతో ఆగక, ఏ పనికి ఈ సూచన చాలునో కూడా చెప్పవలసి ఉంటుంది.

పంటలవారీగా అన్వయం

దాళ్వా వరి: ఐదు రోజుల సూచనలో అనుకూల రోజులు కనిపిస్తే కోత యంత్రాల వరుసను, కూలీలను సర్దుబాటు చేసుకోవాలి. కోసిన పనలను చేలో వదలరాదు. మూడు గంటల హెచ్చరికతో ధాన్యాన్ని రాశి చేసి, చుట్టూ నీరు పోయే కాలువ తీసి, బరకాలను అంచుల వద్ద బరువులతో బిగించాలి. గాలికి ఎగిరిపోయే బరకం వాన నుండి కాపాడలేదు.

మొక్కజొన్న: ఒలిచిన గింజలు, కండెలు ఎత్తైన చోట ఆరబెట్టాలి. తడిసిన గింజలకు బూజు పడుతుంది కనుక మొదటి ప్రాధాన్యం వీటికే ఇవ్వాలి.

అరటి, మామిడి: గెల వేసిన అరటికి ఊతకర్రలు మూడు గంటలలో పెట్టలేము. మార్చిలోనే ఆ పని పూర్తిచేయాలి. మామిడిలో తక్షణ హెచ్చరికతో చేయగలిగింది తక్కువ. పక్వానికి వచ్చిన కాయలను ముందురోజు సూచనతోనే కోయాలి. వడగళ్ళను చెదరగొట్టేందుకు పేల్చే ఫిరంగుల వంటి సాధనాలకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ వాతావరణ సంస్థ స్పష్టం చేసింది. హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ తోటలలో వాడే రక్షణ వలలు పనిచేస్తాయి గాని, ఎత్తైన మామిడి చెట్లకు అవి ఆచరణసాధ్యం కావు.

చేపల చెరువులు: గాలివానతో కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోవడం, మబ్బు పట్టి కిరణజన్య సంయోగక్రియ తగ్గడం, అడుగు నీరు పైకి కలవడం వలన ఆ రాత్రి నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. హెచ్చరిక అందిన వెంటనే జనరేటరును సిద్ధం చేసి, ఆ పూట మేతను తగ్గించాలి.

మనుషుల భద్రత వీటన్నిటికంటే ముందు. ఉరుము వినబడితే మెరుపు తాకగల దూరంలో ఉన్నట్లే. చెట్ల కింద, దోనెలపై, చెరువు గట్లపై ఉండరాదు. చివరి ఉరుము తరువాత అరగంట వరకు పొలానికి తిరిగి వెళ్ళరాదు. రాశి కప్పడానికి చివరి క్షణంలో పరుగెత్తే పరిస్థితి రాకుండా చూడడం కూడా ముందస్తు హెచ్చరిక లక్ష్యాలలో ఒకటి.

గాలివాన తరువాత: పడిపోయిన, తడిసిన వరి వెన్నుల్లో మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన 5 శాతం ద్రావణాన్ని పిచికారీ చేయాలి. నీటిని బయటకు తీసి, ధాన్యాన్ని 17 శాతం తేమకు ఆరబెట్టాలి. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన వర్తించే పంటలకు వడగళ్ళ వంటి స్థానిక విపత్తుల నష్టాన్ని 72 గంటలలోగా తెలియజేయాలి.

పరిశీలనల ఆవశ్యకత

వడగళ్ళు సన్నని పట్టీలో పడతాయి. ఆ పట్టీ ఏ వాతావరణ కేంద్రాన్నీ తాకకుండా పోవచ్చు. అప్పుడు రికార్డులో ‘వడగళ్ళు లేవు’ అనే నమోదవుతుంది, సరైన హెచ్చరిక కూడా వమ్మైనట్లు లెక్కకు వస్తుంది. పైన చెప్పిన గుర్తింపు రేటు, తప్పుడు హెచ్చరికల నిష్పత్తి ఏ మండలానికైనా నిజంగా లెక్కించాలంటే నేలమీది సాక్ష్యం అవసరం. గాలివాన మొదలైన, ముగిసిన సమయాలు, వాన పరిమాణం, గాలి దిశ, విరిగిన కొమ్మలు, కూలిన చెట్లు ఏ వైపుకు పడినవి, వడగళ్ళ పరిమాణం శనగ గింజంతా, రేగుపండంతా, నిమ్మకాయంతా అన్న వివరాలు గ్రామస్థాయిలో నమోదు కావాలి. చెట్లు ఒకే దిశకు కాక ఒక చోటు నుండి చుట్టూ పడి ఉంటే అది అధోప్రవాహానికి గుర్తు.

వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, మార్టేరు, ఉండి, పెదవేగిలలోని పరిశోధన, విస్తరణ కేంద్రాలు ఈ ప్రాంతానికి సమీపంలోనే ఉన్నాయి. వాటిలోని విద్యార్థులు ఒక్కొక్క మండలాన్ని ఎంచుకొని మార్చి నుండి మే వరకు హెచ్చరికలను, వాస్తవాలను పక్కపక్కన రాసిపెడితే, రెండు మూడు వేసవులలో ఆ మండలానికి తగిన నిర్ణయ సూత్రాలు రూపొందుతాయి. అప్పుడు వట్లూరు రైతు ‘ఈ హెచ్చరిక ఎంతవరకు నమ్మవచ్చు?’ అని అడిగితే, విస్తరణ శాస్త్రవేత్త అదే మండలపు లెక్కతో సమాధానం చెప్పగలుగుతాడు.